21 గ్రాములా, 241 గ్రాములా?

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల మీదుగా జాన్ మ్యూర్ ట్రెయిల్ అనే కాలిబాట ఉంది. యోసెమిటీ లోయలో మొదలై 211 మైళ్ళు, అంటే సుమారు 340 కిలోమీటర్లు సాగి, 14,505 అడుగుల ఎత్తున్న విట్నీ శిఖరం మీద ముగుస్తుంది. చాలామందికి మూడు వారాలు పడుతుంది. బూట్లు, టెంటు, వీపుసంచి గురించి నెలల తరబడి ఆలోచించేవాళ్ళు కూడా జేబుచాకు దగ్గరికొచ్చేసరికి ఎవరో బహుమతిగా ఇచ్చినదాన్నో, దుకాణంలో కంటికి నచ్చినదాన్నో సంచిలో పడేస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు. సంచిలో మిగతా వస్తువులు మనిషి కోసం ఉంటాయి, చాకు మాత్రం ఆ వస్తువుల కోసం కూడా ఉంటుంది. దాన్ని సరిగ్గా ఎంచుకోవాలంటే సంచి మొత్తాన్ని మరోసారి పరీక్షించక తప్పదు.

ఇక్కడ వాదించుకుంటున్నది మేనమామ, మేనకోడలు. ఆయన విశాఖపట్నంలో యంత్రాల మరమ్మతు పని చేసి రిటైరై, ఇప్పుడు శాన్‌హోసేలో మేనకోడలి ఇంటికి వచ్చి ఉన్నారు. ఆ అమ్మాయి అక్కడే ఉద్యోగం చేస్తోంది. జులైలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఈ దారి నడవబోతోంది. ఆయన ముచ్చటపడి కొనిచ్చిన లెదర్‌మన్ వేవ్ ప్లస్ దగ్గర మాట మొదలైంది.

మేనకోడలు: మావయ్యా, నువ్వు కొన్నది వంటింటి త్రాసు మీద పెట్టాను. 241 గ్రాములు. నా దగ్గరున్న విక్టోరినాక్స్ క్లాసిక్ 21 గ్రాములు. నీది నేను మోసుకెళ్ళలేను.

మావయ్య: బరువు చూసి ఊరుకున్నావా, విప్పి చూశావా? నోస్ ప్లయర్, తీగలు తెంపే కట్టర్, నున్నటి చాకు, పళ్ళ చాకు, రంపం, ఆకురాయి, కత్తెర, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్లు. చాకు తెరిస్తే లాక్ పడుతుంది, వేలి మీదకి మడుచుకోదు. నీదాంట్లో ఏముంది? నాలుగు సెంటీమీటర్లు లేని చాకు, చిన్న కత్తెర, గోళ్ళు రుద్దుకునేది, పట్టకారు, పళ్ళపుల్ల. దాన్ని తాళాలకు తగిలించుకోవడానికి చేశారు తల్లీ, కొండలెక్కడానికి కాదు.

మేనకోడలు: దేనికి చేశారన్నది తర్వాత మాట్లాడదాం. ముందు బరువు సంగతి విను. దారి సగం దాటాక మ్యూర్ ట్రెయిల్ రాంచ్ అని ఒక చోటు వస్తుంది. ముందుగా బకెట్లో పంపుకున్న తిండి అక్కడ తీసుకోవాలి. అక్కణ్ణుంచి విట్నీ దిగి రోడ్డెక్కేదాకా 110 మైళ్ళు. రోజుకు 700 గ్రాములనుకున్నా తొమ్మిది రోజులకు ఆరు కిలోలు దాటుతుంది. అదంతా ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా ఒక్కటే కిలో ఉంటుంది.

మావయ్య: అంత మోసేదానివి పావుకిలోకి వెనకాడుతున్నావా? పావు లీటరు నీళ్ళ బరువు కాదూ అది!

మేనకోడలు: నీళ్ళు తాగితే తగ్గుతాయి. తిండి రోజూ తగ్గుతుంది. చాకు మొదటిరోజు ఎంతో చివరిరోజూ అంతే. ఫారెస్టర్ కనుమ 13,153 అడుగులు. అక్కడ ఊపిరి అందకుండా ఎక్కుతున్నప్పుడు కూడా అది 241 గ్రాములే. పైగా ‘పావుకిలోనే కదా’ అన్న మాట నువ్వొక్కడివే అనవు. కుర్చీ కొనమన్న స్నేహితురాలూ అదే అంది, పెద్ద బ్యాటరీ పెట్టుకోమన్న తమ్ముడూ అదే అన్నాడు. పదిమంది మాట వింటే రెండున్నర కిలోలు. సంచి అలాగే బరువెక్కుతుంది.

మావయ్య: బాగానే ఉంది. అయితే చాకే వద్దనుకోవచ్చుగా? సగం విరిచిన బ్లేడు అట్టలో చుట్టి తీసుకెళ్ళేవాళ్ళున్నారని నువ్వే చెప్పావు.

మేనకోడలు: ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను.

మావయ్య: నేనూ ఏకీభవించను. నాకు ఎమ్మా గేట్‌వుడ్ కథ గుర్తొస్తుంది. 1955లో, 67 ఏళ్ళ వయసులో, రెండువేల మైళ్ళు దాటిన అపలాచియన్ ట్రెయిల్‌ని ఒంటరిగా ఒక్క సీజన్‌లో పూర్తిచేసిన మొదటి మహిళ ఆవిడ. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. వాన తడవకుండా స్నానాల గది కర్టెన్ పట్టుకెళ్ళింది. తనే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుంది. ఆ సంచిలో కూడా ఒక స్విస్ చాకు ఉంది. అన్నీ వదిలేసిన మనిషి దాన్ని వదల్లేదు.

మేనకోడలు: ఆవిడ పట్టుకెళ్ళింది స్విస్ చాకు, ప్లయర్ కాదు.

మావయ్య: లెదర్‌మన్ అప్పటికి బజార్లోకి రాలేదు కాబట్టి.

మేనకోడలు: ఏ చాకు ఎప్పుడొచ్చింది, ఎందుకొచ్చిందన్నదే అసలు సంగతి మావయ్యా. స్విట్జర్లాండ్ సైన్యం 1889లో కొత్త రైఫిల్ తీసుకుంది. దాన్ని విప్పి శుభ్రం చెయ్యాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. సైనికుడికి తిండి డబ్బాల్లో వస్తోంది, ఆ డబ్బా తెరవాలి. తోలు, గుడ్డ కుట్టుకోవడానికి దబ్బనం కావాలి. అందుకని బ్లేడు, దబ్బనం, డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్, ఈ నాలుగూ ఒక్క పిడిలో అడిగారు. 1891లో సైన్యానికి అందిన మొదటి చాకులు జర్మనీలో సోలింగెన్‌లో తయారయ్యాయి. అన్ని చాకులు చేసే శక్తి అప్పుడు స్విస్ కంపెనీలకు లేదు. ఇబాక్ ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన ఆ పనిని దేశంలోకి తెచ్చాడు. 1897లో దాన్నే ఇంకా తేలిక చేసి, రెండో చిన్న బ్లేడు, కార్క్‌స్క్రూ చేర్చి, అధికారుల చాకుగా రిజిస్టర్ చేశాడు. అంటే సైన్యం అడిగిన ఆ మొదటి చాకులో ఉన్న ప్రతి ముక్కకూ సైనికుడి సంచిలోనో చేతిలోనో ఒక జత ఉంది.

మావయ్య: లెదర్‌మన్ సంగతీ నాకు తెలుసు. 1975లో టిమ్ లెదర్‌మన్, ఆయన భార్య చవగ్గా కొన్న పాత ఫియట్ కారులో యూరప్ అంతా తిరిగారు. దారిపొడుగునా కారు మొరాయించింది. దిగిన హోటళ్ళలో కుళాయిలు కారేవి. జేబులో స్కౌట్ చాకు ఉంది గానీ, పట్టి తిప్పడానికి ప్లయర్ లేదు. ఇంటికొచ్చి చెయ్యడం మొదలుపెట్టాడు. 1980లో పేటెంట్ వచ్చింది, 1983లో అమ్మకం మొదలైంది. ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం. అమ్మాయ్, నీ దగ్గరున్న దానికంటే ఇది మెరుగని ఆ మనిషి జీవితమే చెప్తోంది.

మేనకోడలు: ఆ మనిషి జీవితం చెప్తున్నది నా మాటే. ఆయన ప్రయాణంలో పాడైంది కారు, కుళాయి. అందుకని ప్లయర్ పుట్టింది. సైనికుడికి రైఫిలూ, డబ్బా. అందుకని స్క్రూడ్రైవర్, ఓపెనర్ పుట్టాయి. నా దారిలో కారు లేదు, కుళాయి లేదు, రైఫిల్ లేదు. నా వస్తువుల్లో పాడయ్యేవేమిటో రాసుకుని, వాటికి కావలసినదాన్నే తీసుకెళ్ళాలి. వాళ్ళు చేసింది అదే.

మావయ్య: అలా అయితే రాద్దాం పట్టు. మరమ్మతు పనిలో నేను ముందు అడిగేది అదే. ఏది పాడవుతుంది, ఎలా పాడవుతుంది. మొదటిది చెప్పు.

మేనకోడలు: కాళ్ళు.

మావయ్య: నేనడిగింది సామాను గురించి.

మేనకోడలు: ఈ దారిలో అన్నిటికంటే ముందు పాడయ్యేవి కాళ్ళే మావయ్యా. బొబ్బ లేవబోతోందని అనిపించగానే ఆ చోట గట్టి అంటుపట్టీ వెయ్యాలి. పట్టీని కోలగా కత్తిరించి, మూలలు గుండ్రం చెయ్యాలి. మూలలుంటే సాక్సు రాపిడికి లేచిపోయి, ఆ అంచే కొత్త బొబ్బకు కారణమవుతుంది. బొబ్బ లేచాక అయితే మెత్తటి పట్టీని మధ్యలో చిల్లు ఉండేలా కత్తిరించి చుట్టూ వెయ్యాలి. ఇది చాకుతో అయ్యే పని కాదు. తొడ మీద పెట్టుకుని చాకుతో పట్టీ కోస్తే ముందు తెగేది తొడ. కత్తెర కావాలి. కాలిగోళ్ళు కూడా అంతే. కొద్దిగా పెరిగినా, గంటల తరబడి దిగుడు దిగితే బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి. దానికీ కత్తెరే.

మావయ్య: కత్తెర నాదాంట్లోనూ ఉంది. సరే, రాసుకో. తర్వాత?

మేనకోడలు: గాలి నింపుకునే పరుపు. రాతిముక్క గుచ్చుకుంటే అతుకు వెయ్యాలి. స్పిరిట్ గుడ్డతో తుడిచి, అతుకుని గుండ్రంగా కత్తిరించి అంటించడమే. మళ్ళీ కత్తెర. చలికోటు చిరిగినా అంతే. సంచి పట్టీ కుట్టు ఊడితే సూది, దారం. పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం గట్టిగా ఉంటుంది, అదే కుట్టడానికీ వస్తుంది.

మావయ్య: సంచి పట్టీ మందం ఎంత? రెండు మూడు మడతల నైలాను. సూది లోపలికి దిగుతుంది గానీ వేళ్ళతో పట్టి లాగితే రాదు. అక్కడ ప్లయర్ కావాలి.

మేనకోడలు: దబ్బనంతో ముందు చిల్లు పొడిచి, తర్వాత సూది ఎక్కించొచ్చు.

మావయ్య: నీ 21 గ్రాముల దాంట్లో దబ్బనం లేదు.

మేనకోడలు: లేదు. లావు సూది ఒకటి పెట్టుకుంటాను. దాన్ని లోపలికి తొయ్యడానికి రాయి చాలు.

మావయ్య: సరే, ఒప్పుకున్నట్టు కాదు గానీ ముందుకెళ్దాం. చేతికర్రలు?

మేనకోడలు: ట్రెక్కింగ్ పోల్స్. పొడవు బిగించే లివర్ దగ్గర స్క్రూ ఉంటుంది. నడుస్తూ నడుస్తూ అది వదులైతే బరువు వెయ్యగానే కర్ర లోపలికి జారిపోతుంది. నావాటికి స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి.

మావయ్య: నీ క్లాసిక్‌లో అదెక్కడుంది?

మేనకోడలు: ఆకురాయి చివర చిన్న మొన ఉంది, దానితో కొంత తిరుగుతుంది.

మావయ్య: ‘కొంత తిరుగుతుంది’ అంటే స్క్రూ తల అరిగిపోతుంది అని అర్థం. సరిపోని మొనతో తిప్పడం కన్నా తిప్పకపోవడం మేలు. అరిగిన స్క్రూని విప్పడమంత చిరాకు పని నా ఉద్యోగంలో ఇంకోటి లేదు. అదే కంపెనీ, అదే 58 మిల్లీమీటర్ల పొడవులో స్టార్ మొన, సీసా ఓపెనర్ ఉన్న మోడల్ లేదా?

మేనకోడలు: ఉంది, రాంబ్లర్ అంటారు. క్లాసిక్ కంటే పది గ్రాములు ఎక్కువుంటుంది.

మావయ్య: ఆ పది గ్రాములకు ఏడవకు. పోల్ స్క్రూ మీద పెట్టి తిప్పి చూసి కొనుక్కో. మొన కూర్చుంటేనే.

మేనకోడలు: అలాగే. స్టవ్‌కు ఏమీ అక్కర్లేదు. గ్యాస్ డబ్బా మీద బిగించే రకం. మంట అంటించే బటన్ పనిచెయ్యకపోతే లైటర్ ఉంది. పెట్రోలు స్టవ్ అయితే జెట్టు మూసుకుపోతుంది, విప్పాల్సొస్తుంది. అలాంటప్పుడు నీ మాట నిజమయ్యేది. నీటి ఫిల్టర్‌కు భయపడాల్సింది గడ్డకట్టడం గురించే. లోపలి సన్నటి గొట్టాలు ఒకసారి గడ్డకడితే ఏ పనిముట్టూ బాగుచెయ్యలేదు. రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకోవడమే మందు. తిండి డబ్బా మూత చేత్తో తిరుగుతుంది. గార్సియా రకం డబ్బా అయితే తాళాలు నాణెంతో తిప్పాలి.

మావయ్య: టెంటు?

మేనకోడలు: టెంటు స్తంభం విరిగితే గొట్టంముక్క తొడిగి టేపు చుడతాం.

మావయ్య: నేనడుగుతున్నది జిప్పు గురించి. జిప్పు పాడవడమంటే పళ్ళు ఊడటం అనుకుంటారు. చాలాసార్లు పళ్ళు బాగానే ఉంటాయి, అరిగేది రన్నర్. ఇసుక, దుమ్ము పట్టి రన్నర్ నోరు వెడల్పవుతుంది. రన్నర్ ముందుకెళ్తుంది గానీ వెనకాల జిప్పు విచ్చుకుంటూ వస్తుంది. అప్పుడు ప్లయర్‌తో రన్నర్ వెనక అంచుని ఈ పక్కా ఆ పక్కా, వెంట్రుకవాసి నొక్కితే మళ్ళీ పడుతుంది. వేళ్ళతో కాదు. రాయితో కొడితే విరుగుతుంది. చాలావాటిని జింకు మిశ్రమంతో పోత పోస్తారు, అది ఎక్కువ వంగదు. జులైలో ఆ సరస్సుల దగ్గర దోమలెలా ఉంటాయో నువ్వే చెప్పావు. వల తలుపు మూసుకోని టెంటులో ఎన్ని రాత్రులు పడుకుంటావు?

(ఇక్కడ నేను ఆయన పక్షమే. తేలిక సామాను గురించి రాసేవాళ్ళు పట్టీలు, అతుకులు లెక్కపెడతారు గానీ జిప్పు రన్నర్‌ని తరచుగా మరిచిపోతారు. దోమల వల మూసుకోకపోవడం చిన్న సంగతి కాదు. నిద్ర లేని మనిషి మర్నాడు కనుమ ఎక్కేటప్పుడు తడబడుతుంది. 241 గ్రాములు కాకపోయినా, లెదర్‌మన్ వాళ్ళదే స్క్వర్ట్ అని ప్లయర్ ఉన్న బుల్లి పనిముట్టు ఉండేది. 57 గ్రాములు. తయారీ ఆపేశారు. ఈ అవసరానికి అది సరిగ్గా సరిపోయేది. ఆగిపోయినందుకు నాకు నిజంగా విచారంగా ఉంది.)

మేనకోడలు: దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు మావయ్యా.

మావయ్య: లేకపోతే ప్లయర్ తీసుకెళ్ళు.

మేనకోడలు: ఆగు. రన్నర్ ఒక్కరోజులో అరగదు కదా?

మావయ్య: అరగదు. ఏళ్ళు పడుతుంది. ఎడారి ఇసుకలో అయితే తొందరగా.

మేనకోడలు: అలా అయితే అది దారిలో పుట్టే జబ్బు కాదు, ఇంట్లో ఉన్నప్పుడే మొదలైన జబ్బు. బయల్దేరే ముందు ప్రతి జిప్పూ వేసి, తీసి, వేసి చూస్తే తెలియదా?

మావయ్య: తెలుస్తుంది. వంపు దగ్గర లాగుతూ వెయ్యాలి. నోరు వెడల్పైన రన్నర్ అక్కడే మొదట దొరికిపోతుంది.

మేనకోడలు: తెలిస్తే ఇంట్లోనే నీ ప్లయర్‌తో నొక్కొచ్చు, లేదా రన్నర్ మార్చొచ్చు. ఈ ప్రయాణానికి ప్లయర్ కావాలన్న మాట నిజమే. అది కావలసిన చోటు ఈ గ్యారేజ్.

మావయ్య: యంత్రాలకు అదే చేసేవాళ్ళం. షట్‌డౌన్‌లో చూడనిది నడుస్తున్నప్పుడు బయటపడుతుంది. సరే, జిప్పు వరకు ఒప్పుకుంటున్నాను. కానీ ఎవరూ ఊహించనిది వస్తే? యూటాలో ఆరన్ రాల్‌స్టన్‌కి ఏమైందో చూశాం. సినిమా కూడా చూశాం, రెహమాన్ సంగీతం ఇచ్చినది.

మేనకోడలు: ఆ మాట ఎప్పుడో వస్తుందని ఎదురుచూస్తున్నాను. చాకు గురించి ఎవరు మాట్లాడినా ఆఖరికి అక్కడికే వస్తారు. 2003 ఏప్రిల్‌లో బ్లూజాన్ కాన్యన్‌లో రాయి జారి కుడిచెయ్యి ఇరుక్కుంది. ఐదు రోజుల తర్వాత ఎముకని తనే విరుచుకుని, మొద్దు బ్లేడుతో చెయ్యి కోసుకుని బయటపడ్డాడు. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆయన అక్కడ ఐదు రోజులు ఎందుకున్నాడు? ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి. చెప్పి ఉంటే ముందే వెతికేవాళ్ళు. ఆ కథ విని పెద్ద చాకు కొనుక్కోవడం అసలు విషయాన్ని పక్కన పెట్టడమే.

మావయ్య: ఆయన చేతిలో ఉన్నది నాసిరకం పనిముట్టు. మంచిదైతే ఆ బాధ కొంతైనా తగ్గేది.

మేనకోడలు: నాసిరకం కొనొద్దన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఊహించనిదాని కోసం 220 గ్రాములు అదనంగా మొయ్యాలంటే, 100 గ్రాముల శాటిలైట్ మెసెంజర్ మోస్తాను. ఫోన్ సిగ్నల్ లేనిచోట నుంచి కూడా సహాయం అడగొచ్చు. రోజూ రాత్రి ఎక్కడున్నానో మీకు తెలుస్తుంది. అమ్మ కూడా నిద్రపోతుంది.

మావయ్య: అది కొనేశావా?

మేనకోడలు: కొనేశాను.

మావయ్య: మంచి పని చేశావు. ఇక రంపం సంగతి అడగను, నువ్వేం చెప్తావో తెలుసు.

మేనకోడలు: యోసెమిటీలో 9,600 అడుగుల పైన, కింగ్స్ కాన్యన్‌లో 10,000 అడుగుల పైన కట్టెల మంట వెయ్యకూడదు. మా మజిలీలు చాలావరకు ఆ ఎత్తుల్లోనే. ఎండిపోయిన వేసవైతే కింద కూడా నిషేధం పెడతారు. కట్టె కొయ్యని చోటికి రంపం దేనికి?

మావయ్య: బ్లేడు ఎందుకో చెప్పు. ఇప్పటిదాకా కత్తెర గురించే మాట్లాడావు.

మేనకోడలు: చీజ్ కొయ్యడానికి, తాడు తెంపడానికి, గట్టి ప్లాస్టిక్ కట్టు కొయ్యడానికి. మా తిండి టోర్టిల్లా, కందిపొడి, నెయ్యి, చీజ్, వేరుశెనగ వెన్న. రెండు మూడు రోజులకు సరిపడా ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు. ఉల్లిపాయకి ఆ బ్లేడు పొట్టిదే. కానీ కొయ్యలేనంత కాదు.

మావయ్య: ఎక్కడ పెట్టుకుని కోస్తావు?

మేనకోడలు: అంటే?

మావయ్య: చెప్పు. అరచేతిలోనా?

మేనకోడలు: సాధారణంగా అంతే కదా.

మావయ్య: అక్కడే ప్రమాదం. నీ చాకుకి లాక్ లేదు. వెనక స్ప్రింగు ఒత్తిడి మీదే నిలబడుతుంది. మొనతో పొడిచినా, వెనక్కి నొక్కినా వేళ్ళ మీదకి మడుచుకుంటుంది. ఇంటి దగ్గర వేలు తెగితే కట్టు కట్టుకుని కూర్చుంటావు. అక్కడ అదే చేత్తో కర్ర పట్టుకుని వంద మైళ్ళు నడవాలి. డబ్బా మూత మీద పెట్టి, పైనుంచి కిందికి, నీకు దూరంగా కొయ్యి. పదును కూడా పెట్టుకుని వెళ్ళు. మొద్దు చాకు జారుతుంది, పదునైనది దిగుతుంది. వాళ్ళు వాడే స్టీలు మరీ కఠినమైనది కాదు. తుప్పు పట్టదు, మామూలు సానరాయి మీద పది నిమిషాల్లో అంచు వస్తుంది. కఠినమైన స్టీలైతే పదును ఎక్కువకాలం నిలుస్తుంది గానీ, పోయిందంటే నీలాంటి వాళ్ళు తెచ్చుకోలేరు. మూడు వారాలకు ఇదే నయం. ఈ ఒక్క విషయంలో నీ చాకు నాకు నచ్చింది.

మేనకోడలు: పట్టకారు గురించి కూడా అడుగుదామనుకున్నాను. ముల్లు తియ్యడానికి సరిపోతుందా?

మావయ్య: ఏదీ, చూపించు. మొన వెడల్పు. ముల్లు బయటికి కనిపిస్తుంటే పట్టుకుంటుంది, చర్మంలో దిగిపోతే పట్టుకోదు. పిడుదుకైతే అసలు పనికిరాదు. దాన్ని చర్మానికి ఆనుకుని తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. ఒళ్ళు పట్టి లాగితే తల లోపలే ఉండిపోతుంది.

మేనకోడలు: తూర్పున అపలాచియన్ దారిలో పిడుదుల వల్ల లైమ్ జబ్బు పెద్ద బెడద. కాలిఫోర్నియాలో కూడా ఆ రకం పిడుదులున్నాయి గానీ, మేం నడిచే ఎత్తుల్లో భయం తక్కువ. అయినా సన్నమొన పట్టకారు ఒకటి మందుల సంచిలో పెడతాను. నాలుగైదు గ్రాములు కూడా ఉండదు.

మావయ్య: ఇంకో రెండు సంగతులు చూసుకో. పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ బ్లేడు గాడిలో గోరు పెట్టి తియ్యగలవా? ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు రెండు నిమిషాలు పట్టుకుని తీసి చూడు. రాకపోతే వెనకున్న రింగుకి లావు తాడు కట్టు, పట్టు దొరుకుతుంది. రాళ్ళ మధ్య పడినా కనిపిస్తుంది. రెండోది, ఆ కత్తెర స్ప్రింగు. అది విరిగే భాగం. కొత్త స్ప్రింగు విడిగా దొరుకుతుంది. బాగా వాడిన చాకైతే ముందే మార్చుకో. వేరుశెనగ వెన్న, చీజ్ కీలులో చేరితే గోరువెచ్చటి నీళ్ళలో కదిపి, ఆరాక ఒక చుక్క నూనె. చెట్టు జిగురు అంటితే చేతులు శుభ్రం చేసుకునే స్పిరిట్‌తో పోతుంది.

మేనకోడలు: తిరుగు ప్రయాణం ఒకటుంది. విట్నీ దిగాక లోన్‌పైన్ నుంచి రీనోకి బస్సు, అక్కణ్ణుంచి శాన్‌హోసేకి విమానం. చేతి సంచిలో చాకు వెళ్ళనివ్వరు, ఎంత చిన్నదైనా. 2013లో ఆరు సెంటీమీటర్ల లోపు చాకుల్ని అనుమతిద్దామని అమెరికా విమాన భద్రతాధికారులు అనుకున్నారు. విమాన సిబ్బంది గట్టిగా ఎదిరించారు, అదే ఏడాది జూన్‌లో విరమించుకున్నారు.

మావయ్య: సిబ్బంది మాటే న్యాయం. బ్లేడు లేని మోడల్ దొరకదా?

మేనకోడలు: జెట్‌సెటర్ అని ఉంది. కత్తెర, స్టార్ మొన ఉంటాయి, బ్లేడు ఉండదు. ఆలోచించాను. కానీ మూడు వారాలు చీజ్‌ని చెంచాతో కొయ్యడం నా వల్ల కాదు. లోన్‌పైన్ పోస్టాఫీసులో చిన్న కవర్లో పెట్టి ఇంటికి పంపేస్తాను.

మావయ్య: విమానాశ్రయంలో వాళ్ళ డబ్బాలో పడెయ్యడం కంటే అదే నయం. సరే, ఇప్పుడు నా చివరి మాట. నువ్వొక్కదానివే వెళ్ళడం లేదు, ముగ్గురు. కత్తెర, పట్టీలు ముగ్గురి దగ్గరా ఉండాలి. కాళ్ళు ఎవరివి వాళ్ళవే. కానీ మిగతావి పంచుకోవచ్చు. ఆ ముగ్గురిలో ఒక్కరి దగ్గర ప్లయర్ ఉండాలని నేను ఇంకా అంటాను. వేవ్ అక్కర్లేదు. నా పెట్టెలో బొటనవేలంత నోస్ ప్లయర్ ఉంది, వైరింగ్ పనికి వాడేది.

మేనకోడలు: జిప్పులన్నీ ఇక్కడే చూసేశాక కూడానా?

మావయ్య: నీ జిప్పులు చూస్తాం. వాళ్ళిద్దరి టెంట్లు ఎవరు చూశారు?

మేనకోడలు: అది నిజమే.

మావయ్య: వాళ్ళని కూడా ఆదివారం టెంట్లు పట్టుకుని రమ్మను. అన్నీ బాగున్నాయంటే ప్లయర్ ఇక్కడే ఉంటుంది. ఒక్క రన్నర్ నోరు తెరిచినా అది ఎవరి సంచిలోకి వెళ్ళాలో మీరే తేల్చుకోండి. ముందు నీ టెంటు బయటికి తియ్యి. వల తలుపు వంపు దగ్గర చూద్దాం.